అక్క చెప్పని రోజులు

ఫిబ్రవరి 3

అక్కకి ఐసు పిచ్చి ముదిరింది. పొద్దున్న ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు వేసుకుని ట్రాలీ ఆటో పెదజాలరిపేట ఒడ్డుకి దించానో లేదో, చేపలమ్మే ఆడవాళ్ళందర్నీ తోసుకుంటూ వచ్చేసింది. బావ పడవ కనిపిస్తోందా అని కూడా అడగలేదు. "ముక్క తెచ్చావురా?" అంది.

దిమ్మ మధ్యలో మురికి తెల్లగా పేరుకుంటుంది. అంచులు మాత్రం అద్దంలా ఉంటాయి. ఆ అంచు కొట్టి గుడ్డలో చుట్టి తెస్తాను అక్కకి. జంతికలు నమిలినట్టు కరకర నమిలేసింది.

"పళ్ళు రాలిపోతాయక్కా" అన్నాను.

"రాలితే రాలనీ. నీకు పెళ్ళి సేసినంక నా పళ్ళతో ఏటి పని? నీ పెళ్ళాం నమిలి పెడతాది."

పక్కనే తట్ట కడుగుతున్న తాయారు నవ్వింది. "మొగుడి పడవ, తమ్ముడి ఐసు. రాణీవే గంగాలూ నువ్వు."

నాకు భలే గర్వంగా అనిపించింది. ఎనిమిదో తరగతి మానేసినప్పటి నుంచి ఏ పనిలోనూ ఆరు నెలలు నిలవలేదు నేను. వెల్డింగు షాపు, హోటలు, పోర్టులో లారీ క్లీనరు. ఈ ఐసు బండి మీద ఇది ఏడో నెల. నిలిచింది అక్క కోసమే అనుకుంటాను. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. అక్క పెళ్ళికి ఐదేళ్ళు. చీరల పెట్టెతో పాటు నన్నూ అత్తారింటికి మోసుకొచ్చిందని బావ ఇప్పటికీ అంటాడు. "పెట్టి పాతబడిపోనాది గానీ నువ్వు మాత్రం తింతానే ఉన్నావు" అంటాడు.

ఫిబ్రవరి 9

నా స్నేహితుడు అర్జునరావు పడమటి తీరంలో వెరావల్ రేవు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ పెద్ద బోట్లట, ఇరవై రోజులు సముద్రంలోనే ఉండొచ్చట. శివరాత్రి దాటాక వెళ్ళిపోతాను. ఖాయం. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 13

నాలుగు వేటలకి వెళ్ళినా ఏమీ పడలేదు. మొన్న వల కూడా తెగింది, అడుగున ఏదో రాయి పట్టుకుందట. ఇవాళ బావ మొహం చూడాలంటేనే భయం.

బావ పడవలో వెళ్ళే గవర్రాజు (తాయారు మొగుడు) ఒడ్డున అందరి ముందూ అనేశాడు, "ఎవులో బయటున్న మనిషి పడవ ముట్టుకుంది. నేకపోతే ఇలాగవదు."

మా దగ్గర పద్ధతి అది. ముట్టులో ఉన్న ఆడది పడవనీ వలనీ తాకదు. పడవ ఒడ్డుకొచ్చాక చేపలు దించేది ఆడవాళ్ళే గానీ, ఆ రోజుల్లో వాళ్ళు దూరంగా నిలబడి వేరే వాళ్ళని పంపిస్తారు. అక్క బయటుంటే తాయారు దించుతుంది, వేరే వాళ్ళు బయటుంటే అక్క దించుతుంది.

బావ పసుపు నీళ్ళు తెప్పించి పడవంతా కడిగించాడు. తర్వాత పడవలో వెళ్ళే మనుషుల ఆడవాళ్ళందర్నీ పిలిచి పడవ ముక్కు మీద చెయ్యి వేసి గంగమ్మ మీద ఒట్టు పెట్టమన్నాడు. తాయారు పెట్టింది. మిగతా ఇద్దరూ పెట్టారు. చివర్న అక్క.

"నాను ముట్టుకోలేదు. గంగమ్మ మీద ఒట్టు" అంది. ఎంత మెల్లగా అందంటే బావ మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది.

ఇంటికొస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. పొద్దున్నుంచి ఐసు పట్టుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 18

అక్క ఎం.వి.పి. కాలనీలో అపార్ట్‌మెంట్ల మెట్లెక్కి చేపలమ్ముతుంది. ఇవాళ నా బండి మీద దింపాను. రెండో అంతస్తు మెట్ల మీద కూలబడిపోయింది. గుండె దడదడ కొట్టుకోవడం నాకు పక్కన నిలబడితే తెలుస్తోంది.

"ఏటైంది?"

"ఎండ."

ఎనిమిదిన్నరకి ఎండేమిటి అని అడగలేదు. ఎండే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 21

కోనాంలు! ఒక్క వేటకే పడవ నిండిపోయింది. ఒక్కొక్కటీ నా చెయ్యంత పొడవు. బావ దూరం నుంచే తువ్వాలు ఊపుకుంటూ వచ్చాడు. ఒడ్డంతా గోల. అక్క మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి పడవ అంచు పట్టుకుని చేపలందుకుంటోంది. మొహం మాత్రం కొవ్వొత్తిలా ఉంది.

"పసుపు నీళ్ళ మహిమ" అన్నాడు గవర్రాజు. అక్క ఇంకో చేప అందుకుంది.

ఫిబ్రవరి 27

శివరాత్రి దాటింది. వచ్చే నెల వెళ్తాను.

మార్చి 2

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను.

మహేశ్వరి ఇంటర్ పరీక్ష రాసి వస్తుంటే బస్టాపు దగ్గర ఎక్కించుకున్నాను. అక్క కూతురు. నన్ను మావా అని పిలుస్తుంది గానీ మర్యాదేమీ ఉండదు. ఇవాళ మాత్రం ఊరికే కూర్చుంది. తర్వాత, "మావా, ఒకటి సెప్తాను. అమ్మకి సెప్పకూడదు, నాన్నకి అసలే సెప్పకూడదు" అంది.

ఎవడో అబ్బాయి సంగతేమో అనుకుని బండి ఆపేశాను.

"అమ్మకి ఆగట్లేదు" అంది.

"ఏటి ఆగట్లేదు?"

"నీకెలా సెప్పాలి మావా. పీరియడ్స్. నెలకి ఇరవై రోజులు అవుతాది. ఇనాయక చవితి నుంచీ ఇంతే. గుడ్డలు రహస్యంగా ఉతికి నా చున్నీల కింద ఆరేత్తాది. గడ్డలు గడ్డలుగా పోతంది."

నాకు చెవులు వేడెక్కాయి. రోడ్డు వైపు తిరిగాను. చివరికి అడిగింది ఇదీ, "మరి పడవ?"

"అదే కదా. ఇరవై రోజులు బయటుంటే చేపలెవులు దించుతారు? ఎప్పుడు సూసినా తాయారు పిన్ని దించితే ఒడ్డున అందరూ అడుగుతారు. అందుకే సెప్పట్లేదు."

అంటే ఆ ఒట్టు.

మార్చి 3

ఆడవాళ్ళకి ఇవన్నీ ఉంటాయి. నేనెవణ్ణి అడగడానికి? మగాణ్ణి, పైగా తమ్ముణ్ణి.

మార్చి 5

మందుల షాపు శ్రీరామ్మూర్తి గారిని అడిగాను. "మా ఇంట్లో ఒకరికి నీరసంగా ఉంటోంది" అన్నాను. ఆడా మగా అని అడిగాడు. మగ అని చెప్పేశాను. ఎర్ర సీసాలో బలం టానిక్ ఇచ్చాడు. అక్క ముందు పెడితే, "నాకెందుకురా ఇది?" అంది.

"మెట్లెక్కుతావని."

నా మొహంలోకి చూసింది. నేను ఫోన్లోకి చూశాను. తాగింది. ఈ సంగతి అయిపోయినట్టే.

మార్చి 8

అక్క బాగానే ఉంది. ఇవాళ రెండు ముక్కల ఐసు అడిగింది.

మార్చి 11

పడవ ఒడ్డుకొచ్చింది. అక్క నీళ్ళలోకి దిగి అంచు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే జారి, మనిషి నీళ్ళలోకి వెనక్కి పడిపోయింది. బావ పడవ మీంచి దూకి ఎత్తుకున్నాడు. ఇసక మీద పడుకోబెట్టాక చీర కిందంతా ఎర్రగా ఉంది. కానాగంత చేపల నెత్తురేమో అనుకున్నారు అందరూ. తాయారు మాత్రం అనుకోలేదు. తన పైట తీసి అక్క మీద కప్పేసి, "మగోళ్ళు అవతలకి పొండి" అని అరిచింది.

ఐసు దిమ్మలు ఇసకలో దించేసి అక్కని అదే ట్రాలీలో పడుకోబెట్టాం. తాయారు, మహేశ్వరి ఎక్కారు. బావ నా పక్కన కూర్చున్నాడు. తడి లుంగీతోనే.

ముందు దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. సిస్టరు గౌరీశ్వరి గారు అక్క కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. నాకూ కనిపించాయి. కాగితంలా ఉన్నాయి. ఇన్ని రోజులు ఆ చేతుల్లో ఐసు పెట్టాను గానీ చేతులు చూడలేదు.

"బియ్యం నముల్తావా అమ్మా? బలపాలు, మట్టి?" అని అడిగింది.

"సీ, నేదు."

"ఐసు?"

అక్క నా వైపు చూసింది. "రోజూ నేనే తెస్తానండి" అన్నాను.

సిస్టరు నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "రక్తం బాగా తగ్గిపోయినోళ్ళకి అలాంటి వాటి మీదకి నోరు పీకుతాది బాబూ. ఊళ్ళల్లోంచి వచ్చేవోళ్ళు బియ్యం నముల్తారు. మీ ఒడ్డునోళ్ళకి ఐసు దొరుకుతాది" అంది.

ఏడు నెలలు. మంచి అంచు చూసి కొట్టి మరీ తెచ్చాను. అక్కకి నేనంటే ప్రేమ కాబట్టి నా ఐసు ఇష్టం అనుకున్నాను.

వేలు గుచ్చి చూశారు. రక్తం పన్నెండు ఉండాల్సింది నాలుగు పాయింటు తొమ్మిది ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపించేశారు.

అక్కడ డాక్టర్ అనూరాధ గారు చూశారు. మా మహేశ్వరి కన్నా పదేళ్ళు పెద్దయ్యుంటుంది అంతే. గబగబా అడుగుతోంది. "నెలసరి ఎన్ని రోజులు అవుతుందమ్మా?"

అక్క కళ్ళు తిప్పి బావని చూసింది. బావ మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాడు.

"ఐదు రోజులండి" అంది అక్క.

"ఎక్కువ అవుతుందా?"

"నేదండి. మామూలే."

మహేశ్వరి నా చొక్కా లాగింది. తాయారు గోడ వైపు తిరిగింది. డాక్టరమ్మ రాసేసుకుంటోంది, ఐదు అని.

"ఇరవై రోజులండి" అన్నాను. "వినాయక చవితి నుంచి. గడ్డలు గడ్డలుగా పోతోంది. ఎవరికీ చెప్పలేదండి."

అక్క కళ్ళు మూసుకుంది. బావ అక్కణ్ణుంచి కదల్లేదు.

మార్చి 12

స్కానింగ్ చేశారు. గర్భసంచిలో మూడు గడ్డలు ఉన్నాయట. క్యాన్సర్ లాంటిది కాదని, చాలామంది ఆడవాళ్ళకి ఈ వయసులో వస్తాయని డాక్టరమ్మ రెండు సార్లు చెప్పింది. మనుషులు చచ్చేది గడ్డల వల్ల కాదు, చెప్పకుండా రక్తం పోగొట్టుకోవడం వల్ల అని కూడా అంది. అది అక్కకి చెప్పిందో మాకు చెప్పిందో తెలీదు.

మూడు సీసాల రక్తం ఎక్కించాలి. మేము బదులు ఇవ్వాలి. నేను మొదట వెళ్ళి పడుకున్నాను. బ్లడ్ బ్యాంకు ఆయన నా మోచెయ్యి మీద లంగరు బొమ్మ చూశాడు.

"ఈ టాటూ ఎప్పుడు వేయించావు?"

"జనవరిలో, బీచ్ రోడ్డులో."

"అయితే నువ్వు ఈ ఏడాది ఇవ్వకూడదు. లెగు."

బావ అంత బాధలోనూ అనేశాడు, "ఎందుకూ పనికిరాని లంగరు."

బావే గవర్రాజుకి ఫోన్ చేశాడు. అరగంటలో గవర్రాజు, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు పడవ బట్టల్తోనే వచ్చేశారు. చేపల వాసనకి బ్లడ్ బ్యాంకులో అందరూ తలుపు వైపు చూశారు. గవర్రాజు తుపానులో మూడు రోజులు తిండి లేకుండా గడిపిన మనిషి. సూది చూడగానే తెల్లబోయి కింద పడ్డాడు. లేపి నీళ్ళిస్తే, "వదిన కోసం కాబట్టి. నేకపోతే నాను ఇంజీషను సేయించుకునే మనిషిని కాదు" అని మళ్ళీ పడుకున్నాడు. ఇచ్చాడు.

బావ ఇస్తున్నప్పుడు పక్కనే నిలబడ్డాను. గొట్టంలో ఎర్రగా దిగుతుంటే దాన్నే చూస్తూ, "ఇది మీ అక్కకే ఎక్కుతాదేటి?" అని అడిగాడు.

"గ్రూపు కలవదంట బావా. నీది ఎవులికో ఎక్కుతాది, ఎవులిదో అక్కకి ఎక్కుతాది."

నిండుతున్న సంచి చూపి, "ఇంత పోనాదేటి దానికి?" అన్నాడు.

"ఇంతకన్నా ఎక్కువ."

మార్చి 14

రెండో సీసా పూర్తయ్యాక అక్క పెదాలకి రంగొచ్చింది. నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. కోపం. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తర్వాత, "అన్నం తిన్నావేటి?" అంది. అంతే.

మార్చి 16

తాయారు అక్కకి గంజి తెచ్చి, "సంచి తీయించేసుకో గంగాలూ. గొడవొదిలిపోద్ది. నాను ముప్పై రెండేళ్ళకే తీయించీసుకున్నాను" అంది.

"ఇప్పుడు నీకెలాగుంది?" అని వెనక నుంచి డాక్టరమ్మ అడిగింది.

తాయారు కంగారు పడింది. "నడుం నొప్పండి. ఒల్లంతా ఏడిగా ఉంతాది. అదొక్కటే."

డాక్టరమ్మ మంచం మీదే కూర్చుని చెప్పింది. ఆపరేషన్ అవసరమైన వాళ్ళకి తప్పకుండా చేస్తారు. అక్క గడ్డలు చిన్నవి, ముందు మాత్రలతో రక్తం అదుపులోకి తేవచ్చు, మూడు నెలలు చూద్దాం అంది. కానీ ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆగింది, ఎక్కువా తక్కువా అని ప్రతిసారీ రాసి తేవాలి. ఒక కార్డు ఇచ్చింది. దాచిపెడితే నేను మందు ఇవ్వలేనమ్మా అంది.

అక్క ఆ కార్డు దిండు కింద పెట్టేసింది.

మార్చి 19

ఇంటికొచ్చాం. బావ అక్కతో మాట్లాడట్లేదు. అక్క బావతో మాట్లాడట్లేదు. ఇల్లేమో ఒకటిన్నర గది.

ఐరన్ మాత్రలు టీతో వేసుకోకూడదని మహేశ్వరి చెప్పింది. పొద్దున్న అక్క టీ గ్లాసు చేతిలో ఉండగానే మాత్ర తీసింది. బావ వెనక నుంచి వచ్చి గ్లాసు లాక్కుని తాగేశాడు. నిమ్మకాయ నీళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 20

అక్క నాతో అంది, "ఆ ఒట్టు ఊరికే పోదురా. గంగమ్మ సూత్తాది. వల తెగడం నా వల్లే."

"అది రాయి వల్ల" అన్నాను.

మార్చి 22

ఇవాళ్టిది మొత్తం రాసుకోవాలి.

బావ అరుగు మీద కూర్చుని వల బాగు చేస్తున్నాడు. అక్క గుమ్మం లోపల బియ్యం ఏరుతోంది. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. మధ్యలో నేను.

"ఒరే సింహాద్రీ" అన్నాడు బావ, "మీ అక్కనడుగు."

"ఏటడగాలి?"

"ఆ కోనాంలు పడ్డ రోజు... బయటుందేటి అని."

నేను అక్క వైపు తిరిగాను. అక్క బియ్యంలోంచి తలెత్తకుండా, "ఉన్నానని సెప్పు" అంది.

"ఉందంట బావా."

"ఇన్నాను. నాకు సెవుల్నేవేటి? మరి వల తెగిన రోజు?"

"ఆ రోజూ ఉన్నాను."

"పసుపు నీల్లతో కడిగిన రోజు?"

"ఆ రోజే బాగా ఎక్కువ."

బావ చేతిలో వలసూది ఆగింది. "ఏటీ పడని ఆ నాలుగు వేటలు?"

"రెండిటికి ఉన్నాను. మిగతా రెండిటికీ నేదు."

బావ లోపల్లోపల ఏదో కలుపుతున్నాడు. పెదాలు కదుల్తున్నాయి. వేళ్ళు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. చివరికి సూది వల మీద పడేశాడు. "ఒకదానికొకటి కలవట్లేదు కదరా ఇది" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అక్క కూడా నవ్విందనుకుంటాను, చేట అడ్డం పెట్టుకుంది.

"నవ్వకండి" అని అరిచాడు బావ. లేచి గుమ్మం దగ్గరికొచ్చాడు. మొదటిసారి అక్కతోనే సూటిగా అన్నాడు. "నాను సేపల కోసం అడగలేదు. ఏడు నెల్లు నా పక్కన కూకుని అన్నం తిన్నావు. అందరి ముందూ అబద్ధం ఒట్టెట్టావు. ఆ రోజు నీల్లల్లో పడిపోతే సచ్చిపోనావనుకున్నాను నాను. నాకెందుకు సెప్పలేదే?"

అక్క చేట కింద పెట్టింది. "సెప్తే ఏటి సేసుదువు?"

బావ నోరు తెరిచాడు.

"ఆసుపత్రికి తీసికెల్దువేటి? పడవకాడికి రాకే అందువు. అంతే కదా."

బావ వెనక్కి తిరిగాడు. తర్వాత వెళ్ళి మళ్ళీ వల ముందు కూర్చున్నాడు. ముడి వేశాడు. అది తప్పైతే విప్పాడు. "అంతే" అన్నాడు, మాకు వినిపించేంత.

సాయంత్రం దిండు కింద కార్డు లేదు. గోడ మీద బావ పౌర్ణమీ అమావాస్యా చూసుకునే క్యాలెండరుకి గుండుసూదితో గుచ్చి ఉంది. అక్క చూసి తీసెయ్యబోయింది. "ఉండనీ" అన్నాడు బావ.

"ఎవులైనా సూత్తారు."

"సూడనీ. డాక్టరమ్మ కనపడేలా ఎట్టమంది."

డాక్టరమ్మ అలా అనలేదు. నేను నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ 4

కార్డు మీద తొమ్మిది రోజులు. అక్క చెప్తుంది, మహేశ్వరి రాస్తుంది. ఇరవై నుంచి తొమ్మిదికి దిగింది. ఐసు వద్దంటోంది. పళ్ళు జివ్వుమంటున్నాయట.

ఏప్రిల్ 15

ఈ రోజు నుంచి రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఇసక మీదే. అర్జునరావు మళ్ళీ ఫోన్ చేశాడు. నిషేధం అయ్యాక చెప్తానన్నాను. "అక్కకెలాగుందిరా?" అని అడిగాడు. వాడికి ఎవరు చెప్పారో. వాళ్ళమ్మకీ ఇలాగే ఉందట, గొంతు తగ్గించి అడిగాడు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళారని.

మే 10

అక్క రక్తం తొమ్మిది పాయింటు ఒకటి. ఎండుచేపల తట్టతో మూడు అంతస్తులు ఆగకుండా ఎక్కి పైనుంచి నాకు చెయ్యూపింది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఏమనుకున్నాడో గానీ నేనూ ఊపాను.

మే 23

ఒడ్డున పడవల నీడలో ఆడవాళ్ళు ఆరుగురు కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి మాటలు ఆపేశారు. తాయారు అంది, "ఆడు మనోడేలే. సెప్పు." మళ్ళీ మొదలెట్టారు. ఒకామెకి ఒంటికి వెళ్తే మంట, సాయంత్రం దాకా మరుగుకి చోటుండదని మంచినీళ్ళు తాగదట. ఇంకొకామెకి తట్ట మోసీ మోసీ కింద ఏదో జారినట్టు ఉంటుందట. ఎన్నేళ్ళుగా? ఆరేళ్ళుగా. అక్క ఒక్కొక్కర్నీ "ఎప్పట్నుంచి? ఎక్కువా తక్కువా?" అని డాక్టరమ్మలాగే అడుగుతోంది.

మంగళవారం నలుగుర్ని నా ట్రాలీలో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి. యజమానికి బండి రిపేరని చెప్పాను.

జూన్ 14

రేపు పడవలు దిగుతాయి. బావ పడవకి రంగు వేశాడు. అక్క కొబ్బరికాయ, పసుపు, కుంకుమ అన్నీ పళ్ళెంలో సర్దింది. ఏటా మొదటి వేటకి పడవ మనిషి పెళ్ళామే పడవ ముక్కుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ అందివ్వాలి.

జూన్ 15

తెల్లారాక అక్క పెరట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బావ చొక్కా తొడుక్కుంటున్నాడు. నేనూ మహేశ్వరీ అక్కడే ఉన్నాం. అక్క ఎవరి వైపూ చూడకుండా, కానీ గట్టిగా చెప్పింది.

"నాను ఇయ్యాల అయ్యాను. ఇప్పుడే. మొదటి రోజు."

ఈ రోజే కావాలా. మహేశ్వరి పళ్ళెం వైపు చూసింది.

బావ గుండీ పెట్టుకోవడం ఆపాడు. "ఎక్కువేటి?"

"ఎక్కువే. మునపటంత కాదు."

"మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను."

"ఊఁ" అన్నాడు. ఆ గుండీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పడవ గురించి ఒక్క మాట లేదు, రమ్మనీ వద్దనీ.

అక్క పళ్ళెం మహేశ్వరికివ్వబోయింది. మళ్ళీ తనే పట్టుకుంది. "ఇంతవరకూ వత్తాను. పడవ ముట్టుకోను. ఇయ్యాల నాకే మనసొప్పదు" అంది. ముగ్గురం వెళ్ళాం. చేపలు ఎండబెట్టే తాళ్ళ దగ్గర ఇసక ఎత్తుగా ఉంటుంది, అక్క అక్కడ ఆగిపోయింది. కింద ఒడ్డంతా జనం. డప్పులు. రంగు కాగితాలు. పడవ పక్కన గవర్రాజు, కుర్రాళ్ళు భుజాలు ఆనించి నిలబడ్డారు. అందరూ అక్క రావాలని చూస్తున్నారు.

అక్క దిగలేదు. తాయారుకి అర్థమైంది. గవర్రాజుకీ అర్థమైంది, మొహం కిందికి దించుకున్నాడు. పక్క పడవ వాళ్ళు కూడా చూస్తున్నారు.

"నాను ఎల్లి పల్లెం తెత్తాను" అంది తాయారు కింద నుంచి.

బావ వద్దని చెయ్యూపాడు. పడవ దగ్గర్నుంచి కదిలి ఇసక ఎక్కాడు. ఏటవాలు ఇసకలో కాలు జారుతోంది, తువ్వాలు కింద పడింది, తియ్యలేదు. అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. వేటకెళ్ళే రోజు బయటున్న మనిషిని తాకరు. ఒడ్డున అందరికీ తెలుసు. డప్పు కొట్టేవాడు కూడా ఆపేశాడు.

"ఇటియ్యి" అన్నాడు.

అక్క పళ్ళెం కింద పెట్టబోయింది, ఆయన తీసుకోవడానికి. బావ కింద పెట్టనివ్వలేదు. అక్క చేతుల మీద చేతులు వేసి పళ్ళెం అందుకున్నాడు. "బొట్టెట్టు" అని తన నుదురు ముందుకి వంచాడు. అక్క కుంకుమలో వేలు ముంచి పెట్టింది. కుంకుమ కొంత బావ ముక్కు మీద పడింది.

"మేం వచ్చేదాకా ఎండలో ఇక్కడ నిలబడకు. ఇంటికెల్లి పడుకో" అన్నాడు.

"మరి సేపలెవులు దించుతారు?"

బావ నా వైపు చూశాడు. "ఈడున్నాడు కదా."

"నేనా? అది ఆడోళ్ళ పని బావా."

"మరేటి, నీ లంగరు తడిసిపోద్దేటి?"

కిందికి దిగి, ముక్కు మీద కుంకుమతోనే కొబ్బరికాయ కొట్టాడు. గవర్రాజు ఒక్క క్షణం ఆగి, "ఏటి సూత్తన్నారు, తొయ్యండి!" అని కుర్రాళ్ళ మీద అరిచాడు. పడవ దిగింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. చందువాలు కొన్ని, కానాగంతలు బోలెడు. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆడవాళ్ళ మధ్య నీళ్ళలోకి దిగాను. తాయారు, "ఏరా పెల్లికొడకా, సీర కట్టుకు రాలేదేటి?" అంది. ఒడ్డంతా నవ్వు. తల మీద తట్ట పెట్టుకుని రెండడుగులు వేశానో లేదో మెడ పక్కకి వాలింది, చేపల నీళ్ళు కళ్ళలోకి కారాయి. ఇంత బరువని నాకు తెలీదు. ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను గానీ తెలీదు.

అక్క ఇంటికెళ్ళి పడుకోలేదు. తాళ్ళ దగ్గర, పాత తెరచాప నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి ఒడ్డంతా వినిపించేలా అరుస్తోంది.

"మెడ నిటారుగా ఎట్టరా ఎదవా! కాలు సూసుకు నడవకు, ముందుకి సూడు! ముందుకి!"